వేషం కంటికే కాదు

లండన్ పంక్ బృందం ద డ్యామ్డ్ 2022లో తెచ్చిన లైవ్ ఆల్బమ్ ‘ఎ నైట్ ఆఫ్ ఎ థౌజండ్ వాంపైర్స్’. అందులోని కచేరీ 2019 అక్టోబరు 28న లండన్ ప్యాలడియంలో జరిగింది. సర్కస్ ఆఫ్ హారర్స్ కళాకారులు వేదిక మీద విన్యాసాలు చేశారు. ప్రేక్షకులు రక్తపిశాచుల వేషాలు కట్టుకుని వచ్చారు.

హంగులెక్కువైన ప్రదర్శన రికార్డుగా నిలవదన్నది ఈ కాలమ్ పాత వాదన. కంటికి పెట్టిన విందు చెవికి అందదు. పైగా బ్రిటన్‌లో తొలి పంక్ సింగిల్‌గా పేరొందిన ‘న్యూ రోజ్’ 1976లో తెచ్చింది ఈ బృందమే. మరుసటి ఏడాది మొదటి ఆల్బమ్‌ను నిక్ లో ఆధ్వర్యంలో పాత్‌వే అనే ఇరుకు స్టూడియోలో ఎనిమిది ట్రాకుల మీద రికార్డు చేసింది. అలాంటివాళ్లకు సర్కస్ ఎందుకన్న అనుమానం న్యాయమైనదే.

దానికి సమాధానం 1980 నాటి ‘ద బ్లాక్ ఆల్బమ్’లో ఉంది. అది రెండు ఎల్‌పీల సెట్. మూడో వైపంతా ‘కర్టెన్ కాల్’ అనే ఒకే పాట, దాదాపు 17 నిమిషాలు. అందులో పంక్ దూకుడు లేదు. కీబోర్డులు, నీడలు, నిదానంగా పెరిగే భయం ఉన్నాయి. రికార్డు తిప్పితే నాలుగో వైపు షెపర్టన్‌లో అభిమానుల ముందు వాయించిన లైవ్ పాటలు, చిన్నవి, చురుకైనవి. వేగం, నాటకీయత రెండూ అప్పటికే ఒక్క రికార్డులో ఇమిడాయి. 1985 నాటి ‘ఫాంటస్మగోరియా’తో గోథిక్ ముద్ర స్థిరపడింది గానీ, గాయకుడు డేవ్ వానియన్ నల్లదుస్తులు, తెల్లపూత పూసిన ముఖం తొలినాళ్ల నుంచీ ఉన్నవే. అంతకుముందు ఆయన సమాధులు తవ్వే పని చేశారు.

షెపర్టన్‌లో వాయించిన వానియన్, కెప్టెన్ సెన్సిబుల్, పాల్ గ్రే ముగ్గురూ ప్యాలడియంలోనూ ఉన్నారు. 1999 నుంచి డ్రమ్స్ వాయించిన పించ్‌కు బృందంతో అదే ఆఖరి కచేరీ. గోథిక్ రాక్‌కు మూలపాటగా చెప్పుకునే బౌహౌస్ వారి ‘బేలా లుగోసీస్ డెడ్’నూ ఆ రాత్రి పాడారు. గోథ్‌లు తమ పాటగా భావించేదాన్ని వారికంటే ముందునుంచీ పాడుతున్న బృందం పాడటం ఎంతో సబబుగా ఉంది.

వేదిక కనబడకపోయినా ఆల్బమ్ వెలితిగా అనిపించదు. వానియన్ మంద్రస్వరం తొలి రికార్డుల్లో గిటార్ల హోరుతో పోటీపడుతూ పరుగెత్తేది. ఇక్కడ ఒక్కో మాటనూ నిలిపి పలుకుతుంది. ‘కర్టెన్ కాల్’లో భయాన్ని పుట్టించేది ఆ గొంతే. ఆ పాటకు సర్కస్ అవసరం లేదు. హంగుల గురించిన పాత వాదన ఈ ఆల్బమ్‌కు వర్తించదు.