సందర్శకురాలు కాని సెయావీ

మేరీ ఆస్టిన్ ‘ది లాండ్ ఆఫ్ లిటిల్ రెయిన్’ మీద నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం రాశాను. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల తూర్పు వాలునూ, దాని కిందున్న ఎడారినీ కాలినడకన తిరిగి 1903లో ఆ పుస్తకం తెచ్చిన రచయిత్రి ఆమె. గడప దాటిన ఆడదాని నడకే స్వేచ్ఛ అని నేను వాదించాను. ఆ వాదన తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ నా అధ్యాయంలో సెయావీ గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

సెయావీ ఆ పుస్తకంలో బుట్టలల్లే పైయూట్ స్త్రీ. తెల్లవాళ్లతో యుద్ధంలో తనవాళ్లు చెదిరిపోయాక చిన్న కొడుకుతో గుహల్లో దాక్కుని, తుంగ దుంపలు తిని బతికింది. మగతోడు లేకుండానే బతకగలనని తెలుసుకుంది. ఏడాదికి రెండుసార్లు వాగొడ్డున విల్లో కొమ్మలు కోసుకుని బుట్టలల్లింది. ఇంతకన్నా స్త్రీవాద కథ ఏముంటుంది? అయినా వదిలేశాను. ఎందుకంటే ఆమె నడక విహారం కాదు, పని.

ఆ తూర్పు వాలు చాలావరకు 1907లో ఏర్పడిన ఇన్యో నేషనల్ ఫారెస్ట్‌లోకి వస్తుంది. 1964లో వచ్చిన వైల్డర్‌నెస్ చట్టం అందులో కొంత భాగాన్ని జాన్ మ్యూర్ వైల్డర్‌నెస్‌గా కాపాడింది. రోడ్లు వేయకూడదు, మోటారు వాహనాలు తిరగకూడదు. మనిషి అక్కడ వచ్చిపోయే సందర్శకుడే తప్ప ఉండిపోయేవాడు కాదని చట్టం నిర్వచించింది. 14,505 అడుగుల విట్నీ శిఖరం దారిలో వేసవి రోజుల్లో ఒక్కరోజులో వెళ్లొచ్చేవాళ్లు 100 మంది, రాత్రి బస చేసేవాళ్లు 60 మంది మాత్రమే అడుగుపెట్టాలి. అందుకోసం లాటరీలో పేరు రావాలి. ఈ కట్టుబాట్ల వల్లే ఆ కొండలు మిగిలాయన్నది కాదనలేం.

కానీ ‘ఎవరూ ఉండని చోటు’ దానంతటది రాలేదు. 1863లో సైన్యం దాదాపు వెయ్యిమంది పైయూట్లను ఓవెన్స్ లోయ నుంచి ఫోర్ట్ టెహోన్‌కి నడిపించుకుపోయింది. అదీ నడకే. చాలామంది తిరిగొచ్చారు. బిషప్, లోన్ పైన్‌లలో వాళ్ల వారసులు ఈనాటికీ ఉన్నారు. నడకంటే స్వేచ్ఛ అన్న నా సిద్ధాంతం ఆ బలవంతపు నడక ముందు ఏం మాట్లాడగలదు?

ఆస్టిన్‌కీ పరిమితులున్నాయి. సెయావీ మాట మనదాకా ఆమె కలం గుండానే వస్తుంది, ఆమె ఎంచుకున్నంతే వస్తుంది. అయినా శిఖరాలనీ బుట్టలనీ ఒకే పుస్తకంలో పక్కపక్కన పెట్టింది ఆమె. ఒకదాన్ని ‘ప్రకృతి’ అనీ రెండోదాన్ని ‘గిరిజన జీవితం’ అనీ విడదీసింది నేను.

మా అమ్మమ్మ కట్టెలకీ, కుంకుడు కాయలకీ కొండకి వెళ్లేది. ఆవిడ దాన్ని స్వేచ్ఛ అనలేదు, మేమూ అడగలేదు. నేను వారాంతంలో వీపున సంచి వేసుకుని అదే కొండెక్కితే మాత్రం కవిత రాశాను.

ఆ అధ్యాయాన్ని పుస్తకంగా వేసేముందు తిరగరాస్తున్నాను. ఒంటరిగా నడిచే స్త్రీని అందులోంచి తీసెయ్యను. ఆమె నడిచే దారి ఎవరి కాళ్ల కింద పడిందో ఈసారి ముందుగా రాస్తాను.