రెండు వేదికలు – అప్లికేషను నిర్మాత దృష్టి

స్మార్టుఫోనులను గూర్చిన పోలికలు సాధారణముగా కొనువాని దృష్టితో వ్రాయబడుచుండును. కెమేరా ఎట్టిది, బ్యాటరీ ఎంతసేపు నిలుచును అనునవే అందు ప్రధాన ప్రశ్నలు. ఫోనులో నడచు అప్లికేషనును వ్రాయువాని ప్రశ్నలు వేరు. పని ప్రారంభించుటకు ఎంత ఖర్చగును? వ్రాసినది ఎన్ని ఫోనులలో సరిగా నడచును? దానిని ప్రజలకు అందించుటకు ఎవరి అనుమతి కావలెను? ఆపిల్ వారి ఐఓఎస్‌ను, గూగుల్ వారి ఆండ్రాయిడ్‌ను ఈ మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును.

మొదటిది ఖర్చు. ఆండ్రాయిడ్ అప్లికేషన్లను వ్రాయు ఆండ్రాయిడ్ స్టూడియో ఉచితము. విండోస్, లినక్స్, మాక్ కంప్యూటర్లు మూడింటిపైనను పనిచేయును. ప్లే స్టోరులో ప్రచురించుటకు 25 డాలర్లు ఒక్కసారి చెల్లించిన చాలును. ఐఓఎస్ ఉపకరణమైన ఎక్స్‌కోడ్ కూడ ఉచితమే. కాని అది మాక్ కంప్యూటరుపై మాత్రమే నడచును. ప్రచురణకు ఏటేట 99 డాలర్లు చెల్లింపవలెను. సామాన్య కుటుంబములోని విద్యార్థికి ఈ భేదము చిన్నది కాదు.

రెండవది వైవిధ్యము. ఐఓఎస్ నిర్మాత కొలతలు తెలిసిన కొద్దిమందికి బట్టలు కుట్టు దర్జీ వంటివాడు. ఫోనులు చేయునది ఒకే సంస్థ, నమూనాలు కొన్నియే. ఆండ్రాయిడ్ ఫోనులను అనేక సంస్థలు తయారు చేయుచున్నవి. తెరల కొలతలు, జ్ఞాపకశక్తి, వ్యవస్థ సంచికలు ఫోను ఫోనుకు మారును. ఒక ఫోనులో చక్కగా నడచినది మరియొక దానిలో తడబడవచ్చును. ఇచ్చట నిర్మాతకు ఆదా అయిన ధనము పరీక్షలకు వెచ్చించు కాలముగా మారును.

మూడవది అధికారము. 2007లో వచ్చిన తొలి ఐఫోనులో ఇతరుల అప్లికేషన్లను స్థాపించు వీలు ఉండలేదు. 2008 జులైలో యాప్ స్టోరు తెరువబడినది. నాటినుండి ద్వారము తెరచినను తాళపుచెవి ఆపిల్ చేతిలోనే ఉన్నది. ఐరోపా సమాఖ్యలో చట్టము వలన 2024లో ఇతర స్టోర్లకు తావు కలిగినది. ఆండ్రాయిడ్ మొదటినుండియు ఇతర మార్గములను అనుమతించినది.

ఈ అధికారమునకు గల రెండు ముఖములను మన లిపియే చూపినది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను అక్షరము, నడుమ కంటికి కానరాని ఒక సంకేతముతో వచ్చినపుడు, దానిని చూపబోయిన అప్లికేషన్లు ఐఫోనులలో మూతపడినవి. దోషము వ్యవస్థలో ఉన్నందున అప్లికేషను నిర్మాత దానిని మూలమున సరిచేయలేకపోయెను. కాని అదే నెలలో ఆపిల్ సవరణను విడుదల చేసి నేరుగా ఫోనులకు అందించినది. ఆండ్రాయిడ్‌లో వ్యవస్థ సవరణలు పెక్కుసార్లు ఆయా ఫోను తయారీదారుల ద్వారా రావలసియుండును. పాత ఫోనులు వెనుకబడుటయు కలదు.

కనుక ఐఓఎస్ క్రమశిక్షణ నిజమైన గుణమే. అయినను మంచి ఇల్లు కట్టి ప్రవేశ రుసుము పెంచినచో నేర్వగోరువారు వీధిలోనే నిలిచిపోవుదురు. ఉన్నత పాఠశాలలో ఒకటి రెండు సామాన్య కంప్యూటర్లు మాత్రమే ఉన్నచోట ఆండ్రాయిడ్‌తో ప్రారంభించుట యుక్తము. ఒక చిన్న అప్లికేషనును వ్రాయించి, తరగతిలోని వారి ఇండ్లలో ఉన్న వేరువేరు ఫోనులలో పరీక్షింపజేసినచో, ఆ వేదిక లోపమే మంచి పాఠమగును.