అవతారము కాని అవతారము: మదనపల్లె బాలునికి తొడిగిన దైవత్వము

జిడ్డు కృష్ణమూర్తిగారి పేరు వినగానే మన సంఘములలో కొందరు నాస్తికుడని పెదవి విరుస్తారు, మరికొందరు మంచి తత్త్వవేత్త అని తలూపుతారు. రెండూ తొందరపాటు తీర్పులే. 1911లో చిత్తూరు జిల్లాలో చేరి 2022 వరకు అందులోనే ఉన్న మదనపల్లెలో ఆయన 1895లో జన్మించారు. మనము ముఖ్యముగా పరిశీలింపబోవునది ఆయన బోధను కాదు, ఆయన మీద ఇతరులు కట్టిన దేవుణ్ణి.

ఆ దేవుడు మైత్రేయుడు, అనగా దివ్యజ్ఞాన సమాజము వారు ఎదురుచూచిన లోకగురువు. బౌద్ధుల నుండి పేరును, క్రైస్తవుల నుండి రాకడ నిరీక్షణను తీసుకొని, లోకమునకు జ్ఞానమును శాంతిని ఇచ్చువానిగా ఆయనను చిత్రించారు. 1909లో అడయారు సముద్రతీరమున లెడ్‌బీటర్ ఈ బాలుని చూచి, ఆ గురువు ప్రవేశించు పాత్ర ఇతడే కాగలడన్నాడు. 1911లో నక్షత్ర సంఘము ఏర్పడింది. బాలునికి ‘ఆల్సియోనీ’ అను నక్షత్రము పేరు పెట్టి, క్రీ.పూ. 22,662 మొదలు క్రీ.శ. 624 వరకు అతని పూర్వజన్మలను వరుసగా వ్రాశారు. చదువుతుంటే మాకు కాశీ మజిలీ కథలు గుర్తుకు వచ్చాయి. అయితే మజిలీ కథలు చెప్పినవారు వాటిని చరిత్ర అనలేదు. సమాజ సభ్యులే ఇందులో తల్లులు, భర్తలు, బిడ్డలు. అనీబిసెంట్ ‘హెరాక్లీస్’, లెడ్‌బీటర్ ‘సిరియస్’, తమ్ముడు నిత్యానంద ‘మిజార్’.

అసలు చిక్కు కల్పనలో లేదు, శరీరమును గూర్చిన తలంపులో ఉన్నది. బాప్తిస్మ సమయమున యేసు శరీరములో ప్రవేశించినవాడే ఇప్పుడు కృష్ణమూర్తి శరీరములో ప్రవేశించునని వారు బోధించారు. ఇది క్రొత్త బోధ కాదు. క్రీస్తు బాప్తిస్మమప్పుడు యేసు మీదికి దిగి, శ్రమలకు ముందే విడిచిపోయెనని కెరింథస్ చెప్పినట్లు ఐరేనియస్ వ్రాశాడు. 1 యోహాను 4:2-3 ఇట్టి బోధకే జవాబు. దిగివచ్చినవానికి శరీరము అద్దె ఇల్లయితే, ఆ ఇంటివాని సంగతి ఎవరికి కావాలి? కుమారుల కొరకు తండ్రి నారాయణయ్య న్యాయస్థానమునకు ఎక్కవలసి వచ్చింది. 1913లో మద్రాసు హైకోర్టు ఆయన పక్షమున తీర్పిచ్చినా, 1914లో ప్రివీ కౌన్సిల్ దానిని కొట్టివేసింది. బాలుడు క్రమేణా తన తెలుగును కూడ మరచిపోయాడు.

1925 నవంబరులో నిత్యానంద క్షయతో మరణించాడు. అతడు బ్రదుకుననియే కృష్ణమూర్తిగారు నమ్మియుండిరి. అన్న ఓడ ప్రయాణములో ఉండగా ఆ వార్త అందింది. జ్ఞానమును శాంతిని ఇచ్చు ఆ దేవుని యొద్ద తమ్ముని శవమునకు చెప్పదగిన మాట లేకపోయింది. అదే కాలమున మదనపల్లె ప్రక్కనే ఆరోగ్యవరములో మిషనుల వారి క్షయ చికిత్సాలయము నడుచుచున్నది. అక్కడనూ రోగులు మరణించారు, కనుక మనము గొప్పలు చెప్పుకొనరాదు. అయినను అక్కడ శరీరము తొడుగు కాదు; దగ్గుచున్న మనిషే.

1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, సుమారు మూడు వేలమంది ఎదుట, కృష్ణమూర్తిగారు ఆ సంఘమును రద్దు చేశారు. దానికి వచ్చిన ఆస్తులను తిరిగి ఇప్పించారు. లుస్త్రలో బర్నబా పౌలులు వస్త్రములు చింపుకొన్న సంగతి (అపొ. 14:14) ప్రసంగించు మనలో, తన ఫ్లెక్సీని తానే దింపించిన సేవకులు ఎందరు? ఈ ఒక్క విషయములో ఆయన మనకంటె లేఖనమునకు దగ్గరగా ఉన్నారని చెప్పుటకు మేము సంకోచించము.

మా భేదాభిప్రాయము దాని తరువాతి సంగతిని గూర్చినది. 1986లో మరణించువరకు ఆయన ఏ గురువూ, ఏ రక్షకుడూ వలదనియే బోధించారు. తొడుగుగా వచ్చు దేవుడు అబద్ధమని తన సొంత దేహముతో ఎరిగినవాడు, దేవుడు దగ్గరకు వచ్చుట అనుదానినే త్రోసివేశారు. ఆయన ఎరిగిన అవతారము అదొక్కటే. యోహాను 1:14 చెప్పు నరావతారము వేరు. అక్కడ వాక్యము ఒకరి శరీరమును వాడుకొనలేదు, తానే శరీరధారియాయెను, లాజరు సమాధి యొద్ద ఏడ్చెను. నిత్యానంద పోయిన ఆ వారములలో ఓడ మీద ఆయనకు ఈ భేదమును వివరించువారు ఎవరైనా ఉండిరా?