వెనక్కి తిరిగే బాణానికీ చోటుండాలి

హైదరాబాద్‌ బహదూర్‌పురా చౌరస్తాపై 2022 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఫ్లైఓవర్‌ వంటి నిర్మాణానికి కాలపట్టిక వేయడం కష్టమే అయినా సాధ్యం; పునాది తవ్వడానికి, స్తంభం లేపడానికి, కాంక్రీటు గట్టిపడటానికి ఎన్ని రోజులు పడుతుందో ఇంజనీర్లకు పాత పనుల వల్ల తెలుసు. పాతబస్తీకి ఆగ్నేయాన కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల (డీఎంఆర్‌ఎల్‌) వంటి చోట, దేశంలో ఎవరూ భారీ ఎత్తున తయారుచేయని లోహానికి తయారీ పద్ధతిని రూపొందించేవారికి అటువంటి ఆధారం ఉండదు.

ఇటువంటి అనిశ్చిత పనులకు కాలపట్టిక వేయడానికి వాడే పెర్ట్‌ పద్ధతి 1958 ప్రాంతంలో అమెరికా నౌకాదళపు పొలారిస్‌ క్షిపణి కార్యక్రమంలో పుట్టింది. అందులో ప్రతి పనికీ అన్నీ కలిసొస్తే, మామూలుగా జరిగితే, అన్నీ ఎదురుతిరిగితే పట్టే కాలాలను విడివిడిగా అంచనా కట్టి, మధ్యదాన్ని నాలుగు రెట్లు చేసి, మిగిలిన రెండింటినీ కలిపి, మొత్తాన్ని ఆరుతో భాగిస్తారు. అనిశ్చితిని దాచకుండా లెక్కలోకి తెచ్చినందుకు ఈ పద్ధతిని మెచ్చుకోవలసిందే. కానీ పనుల క్రమాన్ని చూపే దాని పటంలో బాణాలన్నీ ముందుకే సాగుతాయి. పరీక్ష తప్పితే మళ్లీ మొదటికి వచ్చే దారి అందులో లేదు. ఫలితాన్ని బట్టి దారి చీలడానికి, వెనక్కి మళ్లడానికి వీలిచ్చి, ఒక్కో చీలికకు సంభావ్యతను రాసే గెర్ట్‌ పద్ధతిని 1966లో అలన్‌ ప్రిట్స్‌కర్‌ ప్రతిపాదించారు.

ఆ వెనుకదారి ఎంత అవసరమో టైటానియం స్పాంజ్‌ చెబుతుంది. విమానాలకు, రాకెట్లకు కావలసిన టైటానియం మిశ్రలోహాలకు మూలమైన ఈ బోలు ముద్ద కోసం, ఆర్గాన్‌ వాయువు నింపిన ఉక్కు పాత్రలో కరిగిన మెగ్నీషియంతో టైటానియం టెట్రాక్లోరైడ్‌ను చర్య జరిపిస్తారు. అప్పుడు విపరీతమైన వేడి పుడుతుంది. తర్వాత మిగిలిపోయిన మెగ్నీషియాన్ని, దాని క్లోరైడ్‌ను శూన్యంలో ఆవిరిచేసి తొలగించడానికి కొలిమి రోజుల తరబడి నడవాలి. పాత్ర పెద్దదయ్యేకొద్దీ లోపలి సరుకు పెరిగినంతగా గోడల వైశాల్యం పెరగదు కనుక వేడి బయటికి పోవడం కష్టమవుతుంది, చిన్న బ్యాచ్‌లో కుదిరిన వేగం పెద్ద బ్యాచ్‌లో కుదరదు. గాలి చొరబడితే లోహం పెళుసుబారుతుంది. ఆ సంగతి కచ్చితంగా తేలేది పాత్ర చల్లారి, ముద్దను బయటికి లాగి, కోసి పరీక్షించాకే. ఒక్క తప్పు తెలియడానికే అన్ని రోజులు పట్టే పనికి, తిరిగి చేయవలసి రాదన్న ఊహతో తేదీలు రాయడం అన్యాయం.

డీఎంఆర్‌ఎల్‌ బ్యాచ్‌ పరిమాణాన్ని అంచెలంచెలుగా పెంచుకుంటూ సాధించిన ఈ పరిజ్ఞానంతోనే, విక్రమ్‌ సారాభాయ్‌ అంతరిక్ష కేంద్రం నిధులు సమకూర్చగా, కేరళలోని చవరలో కేఎంఎంఎల్‌ సంస్థ ఏటా 500 టన్నుల సామర్థ్యం గల కర్మాగారాన్ని 2011లో ప్రారంభించింది. కొత్త తయారీ పరిజ్ఞానాలకు నిధులిచ్చే శాఖలు ఇకనైనా పూర్తయ్యే తేదీని అడగడంతో ఆగక, ఎన్ని విఫల బ్యాచ్‌లకు సమయాన్నీ సొమ్మునూ కేటాయించారో, ఏ దశలో ఏ కొలత చూసి ముందుకు వెళ్తారో కూడా ప్రతిపాదనలోనే రాయించుకోవాలి.