చెవికి చేరే వార్తాలేఖ: స్క్రీన్ రీడర్ పఠనంలో తెలుగు ఈ-మెయిల్ సంచికలు – ఒక పరిశీలన

కీలక పదాలు: వార్తాలేఖ, స్క్రీన్ రీడర్, యూనికోడ్, శ్రవ్యపఠనం, ఛందస్సు

అంతర్జాల పత్రికలు, విశ్వవిద్యాలయ శాఖలు, సాహిత్య సంస్థలు తమ కొత్త సంచికలను, సదస్సుల ప్రకటనలను వార్తాలేఖల రూపంలో ఈ-మెయిల్ ద్వారా పంపడం ఇప్పుడు సర్వసాధారణం. ఈ వార్తాలేఖను సమాచారవాహికగా చూస్తున్నామే గాని, ఒక పాఠంగా పరిశీలించిన సందర్భాలు అరుదు. దృష్టిలోపం గల పరిశోధకులు దీనిని స్క్రీన్ రీడర్ సాయంతో వింటారు. కంటికి పుట మొత్తం ఒక్కసారిగా కనిపిస్తుంది. చెవికి మాత్రం ఒకదాని తరువాత ఒకటిగా అందుతుంది. కాబట్టి కూర్పులోని లోపాలను కన్ను సరిపెట్టుకొని దాటిపోతుంది, చెవి దాటిపోలేదు. సంపాదకుడు దేనికి ప్రాధాన్యమిచ్చాడో తెలుసుకోవడానికి శ్రవ్యపఠనం మంచి విమర్శ సాధనమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2006లో ఆస్ట్రేలియాలో మొదలై ఉచితంగా లభిస్తున్న ఎన్.వి.డి.ఎ. వంటి స్క్రీన్ రీడర్లు తెరమీది అలంకరణను కాక, దాని వెనుకనున్న కోడ్ వరుసను చదువుతాయి. ఆ కోడ్‌లో ‘ఇది తెలుగు’ అన్న భాషాసూచిక లేకపోతే కొన్ని అమరికలలో ఆంగ్ల స్వరమే కొనసాగుతుంది. అప్పుడు తెలుగు అక్షరాలు వికృతంగానైనా వినిపిస్తాయి, లేదా పూర్తిగా మౌనమైపోతాయి. ఆంగ్ల మాదిరి పత్రాన్ని తీసుకొని అందులో తెలుగు నింపినప్పుడు ఈ సూచిక ఆంగ్లంగానే మిగిలిపోతుంది. పుటమీద తెలుగు కనిపిస్తుంది, యంత్రం దృష్టిలో మాత్రం అది ఆంగ్ల లేఖే.

నిర్మాణం విషయమూ ఇటువంటిదే. 2007 నుండి విండోస్ అవుట్‌లుక్ ఈ-మెయిళ్లను చూపడానికి వర్డ్ యంత్రాంగాన్ని వాడడంతో రూపకర్తలు పుటకూర్పు కోసం పట్టికలపైనే ఆధారపడవలసి వచ్చింది. అవి అమరిక కోసమేనని కోడ్‌లో చెప్పకపోతే, వ్యాసం పేరుకు ముందు ‘పట్టిక, వరుస, నిలువు వరుస’ అన్న ప్రకటనలు వినవలసి రావచ్చు. ఇక లింకుల సంగతి. స్క్రీన్ రీడర్ వినియోగదారులు లేఖలోని లింకులన్నిటినీ ఒక జాబితాగా తెరుచుకొని వినగలరు. ఇది సంచికకు విషయసూచిక వంటిది. ఎనిమిది వ్యాసాల సంచికలో ఆ జాబితా ‘ఇక్కడ నొక్కండి’ అని ఎనిమిదిసార్లు పలికితే, ఆ విషయసూచికలో వ్యాసం పేరూ లేదు, రచయిత పేరూ లేదు. వ్యాస శీర్షికనే లింకుగా మలచడానికి అదనపు శ్రమేమీ లేదు.

అన్నిటికన్నా నష్టం కలిగించేది సదస్సు ఆహ్వానం. మన శాఖల నుండి వచ్చే ప్రకటనలలో చాలామటుకు రంగురంగుల పోస్టర్ చిత్రాలే. లేఖలో ‘జతపరచిన పత్రం చూడగలరు’ అన్న ఒక్క వాక్యం ఉంటుంది. సదస్సు అంశం, పత్రసంక్షేపం పంపవలసిన చివరి తేదీ, నమోదు రుసుము అన్నీ బొమ్మలోనే ఉంటాయి. చిత్రానికి ప్రత్యామ్నాయ వచనం లేకపోతే స్క్రీన్ రీడర్ ‘గ్రాఫిక్’ అని ఊరుకుంటుంది, లేదా ఫైలు పేరులోని అంకెలను వల్లిస్తుంది. పరిశోధక విద్యార్థికి సదస్సు పత్రం అలంకారం కాదు, అతని అర్హతలలో భాగం. ఆ చివరి తేదీ కోసం అతడు ప్రతిసారీ మరొకరిని అడగవలసి వస్తున్నది. అక్షరగుర్తింపు ఉపకరణాలు ఉన్నాయి గదా అనవచ్చు. తీగలు చుట్టిన అలంకార లిపిలో వత్తులను అవి ఎంత నమ్మకంగా గుర్తిస్తాయో వాడి చూసినవారికి తెలుసు.

బొమ్మ కాని చోట పీడీఎఫ్ ఉంటుంది. అది అను వంటి పాత ఫాంట్లతో కూర్చినదైతే కంటికి చక్కని తెలుగే. ఆ ఫాంట్లు తెలుగు ఆకారాలను రోమన్ అక్షరాల, చిహ్నాల స్థానాలలో ఉంచినందువల్ల చెవికి మాత్రం అర్థంలేని ఆంగ్లధ్వనుల గుంపు. 1991 నాటి యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. ఇన్నేళ్ల తరువాత కూడా పరిశోధన పత్రికలు ముద్రణాలయపు అలవాటును వదులుకోకపోవడాన్ని సాంకేతిక సమస్య అనడం మర్యాద మాత్రమే.

పద్యం దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న సాహిత్యపరమవుతుంది. వృత్తపద్యంలో పదం పాదాంతంలో విరిగి తరువాతి పాదంలోకి సాగడం మామూలే. లేఖలో ప్రతి పాదాన్నీ వేరు పంక్తిగా వేసినప్పుడు, పంక్తి పంక్తిగా వినే పాఠకుడికి సగం పదం ఒకసారి, మిగతా సగం మరొకసారి వినిపిస్తుంది. పద్యం ముందు వేసే ‘ఉ.’, ‘చం.’ గుర్తులు ఛందస్సును తెలపకుండా తెగిన అక్షరాలుగా మిగులుతాయి. అరసున్న సాధారణంగా పలకదు, శకటరేఫకూ సాధురేఫకూ తేడా వినపడదు. పాఠాంతరాలను చర్చించే వ్యాసానికి ఇది చిన్న లోపం కాదు. అక్కడ పాఠకుడు కర్సర్‌ను అక్షరం వెంట అక్షరం కదుపుతూ వినాలి, లేదా బ్రెయిలీ ప్రదర్శికను ఆశ్రయించాలి. ఏ అక్షరం దగ్గర ఆగి పరిశీలించాలో వ్యాసకర్త వాక్యంలో చెప్పి ఉంటేనే ఇది సాధ్యం. ‘పై పాఠంలోని తేడా గమనించవచ్చు’ అంటే, దేనిని గమనించాలి?

మన కావ్యం శ్రవ్యం కనుక యంత్రపఠనం దానికి సహజ వారసత్వమని ఒక వాదన చేయవచ్చు. అది పూర్తిగా నిలవదు. శ్రోత ముందు కావ్యం చదివే పండితుడు పదం విరిచి, అన్వయం చూపి, యతి దగ్గర ఊపిరి తీసుకుంటాడు. యంత్రం అవేవీ చేయదు. అయితే ఈ-స్పీక్ వంటి చప్పని స్వరానికీ ఒక ప్రయోజనం ఉన్నదనిపిస్తుంది. వచనపు కాకువును పద్యంమీద రుద్దే ‘సహజ’ స్వరాలకన్నా, భావమేమీ జోడించని ఈ స్వరం వెనుక గురులఘువులను ఛందస్సు తెలిసిన చెవి తానే కూర్చుకోగలదు. వచనకవితకు ఆ ఆసరా లేదు. దాని లయ చాలావరకు పంక్తి విరుపులోనే ఉంటుంది. లేఖలో ఆ విరుపులు చెదిరి ఒకే పేరాగా మారితే వినేవారికి చేరేది వేరే రచన.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ మాధ్యమాలలోని విషయం అందుబాటు రూపంలో ఉండేలా చర్యలు తీసుకోవాలని ప్రభుత్వానికి నిర్దేశిస్తున్నది. చట్టం సంగతి అటుంచి, సంపాదకుల చేతిలో ఉన్నది చాలా ఉంది. ఉపప్రమాణాల పట్టిక తీరును, పాదసూచికల కామాలను ఇంత నిష్ఠగా సరిచూసే సమీక్షకులు, పంపిన పాఠం యూనికోడ్‌లో ఉన్నదో లేదో కూడా చూడవచ్చు. ఛందోవ్యాసాలలో గురువుకు ‘యు’, లఘువుకు ‘ఐ’ అన్న ఆంగ్లాక్షరాలను వాడే అలవాటు వల్ల గణవిభజన అంతా ‘యు ఐ ఐ, యు ఐ యు’ అని ఆంగ్ల అక్షరమాలగా వినిపిస్తుంది. ఆ గుర్తుల పక్కనే ‘ఉత్పలమాల: భ, ర, న, భ, భ, ర, వ, పదవ అక్షరం యతిస్థానం’ అని మాటలలో రాస్తే కంటికీ చెవికీ ఒకే పాఠం అందుతుంది. పూర్వ లక్షణకర్తలు గణాలకు అక్షరాలతో పేర్లు పెట్టినది నోటితో చెప్పుకోవడానికి వీలుగానే.