భీముడి ఆకలి, ఛోటా భీమ్ లడ్డూ

‘ఛోటా భీమ్‌ను తయారుచేసింది హైదరాబాదు సంస్థ, సృష్టికర్త రాజీవ్ చిలక మనవాడు, కథానాయకుడు పంచె కట్టాడు, కనుక అది అచ్చంగా మన సంస్కృతి’ అనే వాదన ఈమధ్య సాహిత్య సభల్లో కూడా వినిపిస్తున్నది. ‘అదంతా అమెరికా, జపాన్ బొమ్మలకు నకలు’ అని కొట్టిపారేసేవారూ వున్నారు. ఈ రెండు వాదనలూ బొమ్మ పుట్టిన వూరిని, కట్టిన బట్టను చూసి ఆగిపోతున్నాయి. ఆ బొమ్మకు బలం ఎక్కణ్ణుంచి వస్తున్నది, ఆ బలం ఎవరి పక్షాన ఖర్చవుతున్నది అన్నది చూడవలసి వుంది.

పలుచోట్ల నుంచి కలిసి రావడం దోషమని నేననుకోను. వీడియో ఆటల బొమ్మల చరిత్రే చూడండి. 1981లో జపాన్‌కు చెందిన నింటెండో, పొపాయ్ అనే అమెరికన్ నావికుడి బొమ్మతో ఆట చేయాలనుకుంది. హక్కులు దొరకలేదు. ఆ ఖాళీలో షిగేరు మియమోటో గీసిన వడ్రంగి తర్వాత మేరియో అయ్యాడు. పేరేమో కంపెనీ అమెరికా శాఖకు గిడ్డంగి అద్దెకిచ్చిన యజమానిది. మీసం పెట్టింది, ఆనాటి తెరమీద చుక్కలు చాలక, నోరు గీయడం కుదరక. 1991లో సెగా సంస్థ తెచ్చిన సోనిక్ అనే నీలిరంగు ముళ్ళజంతువు కథ వేరు. నవోతో ఓషిమా పాత అమెరికన్ కార్టూన్లను, మైకేల్ జాక్సన్ బూట్లను మనసులో పెట్టుకునే దాన్ని గీశాడు. తొలిరూపంలో దానికి కోరలుండేవి, ఒక పాటల బృందం, మడోనా అనే ప్రియురాలు వుండేవి. అమెరికా శాఖ వాటిని తీసేయించింది. మేరియో విషయంలో లేమి కల్పనకు దారితీసింది. సోనిక్ విషయంలో అంగడి భయం కత్తెర పట్టింది. కలపడానికీ కత్తిరించడానికీ వున్న ఈ తేడాయే నాకు ముఖ్యం.

కలయిక మా చిత్తూరు పడమటి తాలూకాలకు కొత్తది కాదు. 1919లో రవీంద్రుడు మదనపల్లె బిసెంట్ థియొసాఫికల్ కళాశాలలో వుండగా జనగణమనను ఇంగ్లీషులోకి మార్చుకున్నాడు. ఐర్లండు నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం రాసింది. ఇక కుప్పం వైపు వెళ్తే తమిళ తెరుక్కూత్తు ఎక్కడ ముగిసి తెలుగు వీధినాటకం ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చెప్పడం కష్టం.

ఆ వీధినాటకపు భీముణ్ణి చూడాలి. పుంగనూరు, కుప్పం పల్లెల్లో వేసవి వచ్చిందంటే ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. బకాసుర వధ రోజున భీముడి వేషగాడు అన్నమూ పిండివంటలూ నింపిన బండి ఎక్కి వీధుల వెంట వస్తాడు. ఆ బండి ఏమిటి? ఏకచక్రపురం జనం రాక్షసుడికి కట్టే పన్ను. వంతు వచ్చిన ఇల్లు బండెడు అన్నమూ, బండి లాగే పశువులూ, ఒక మనిషినీ పంపాలి. భీముడు ఆ పన్నును రాక్షసుడి కళ్ళముందే కూర్చుని తినేస్తాడు. అక్కడ తినడమే తిరుగుబాటు. ఎమ్మేలో భారతం చదివినప్పుడు పద్యాల అందం తెలిసింది గాని, బండి బరువు తెలిసింది ఆ వీధుల్లోనే. చివరిరోజు నేలమీద మట్టితో పోసిన పెద్ద దుర్యోధనుడి తొడ పగులుతుంది, ద్రౌపది విరబోసుకున్న జుట్టు ముడి వేస్తుంది. ఈ భీముడి బలం వెనుక వొక పేదింటి భయం వుంది, వొక స్త్రీకి జరిగిన అవమానం వుంది.

ఇక ఢోలక్‌పూర్ సంగతి. అమెరికాకు చెందిన టర్నర్ సంస్థ వారి పోగో ఛానెల్‌లో 2008లో ఛోటా భీమ్ మొదలైంది. విదేశీ కంపెనీలకు బొమ్మల కూలిపని చేసిపెట్టే స్టూడియోలు మలిగిన చోట సొంత పాత్రను నిలబెట్టడం చిన్న విషయం కాదు, అది ఒప్పుకోవాలి. కాని ఆ భీమ్ లడ్డూ తింటే బలం వస్తుంది. పొపాయ్‌కు పాలకూర, మేరియోకు పుట్టగొడుగు, ఇతడికి లడ్డూ. తిండి ఇక్కడ బ్యాటరీ. అది ఎవరి కష్టం, ఎవరి వాటా అన్న ప్రశ్న లేదు. ద్రౌపది వుండవలసిన చోట లడ్డూలు తెచ్చిపెట్టే చుట్కీ వుంది. రాజు ఇంద్రవర్మ మంచివాడు, ఆపద చాలాసార్లు పొలిమేర అవతలినుంచి వస్తుంది. పోటీ పిల్లవాడి పేరు కాలియా, అంటే నల్లోడు. తరగతిలో నల్లటి పిల్లవాణ్ణి మిగతావాళ్ళు ఈ పేరుతో పిలవడం నేను చెవులారా విన్నాను.

జపాన్ డోరేమాన్‌లోనూ బలశాలి జియాన్, వాడి తోక సునియో, బుద్ధిమంతురాలు షిజుకా వున్నారు. ఇక్కడ కాలియా, ఢోలు-భోలు, చుట్కీ. చౌర్యమనడం లేదు, ఒక అచ్చు ఎంత సులువుగా దేశాలు దాటుతుందో చెబుతున్నాను. అయితే అక్కడి నోబితా పరీక్షలు తప్పే పిల్లవాడు, దెబ్బలు తినే పిల్లవాడు. ఆ ఓటమిలో మా బడి పిల్లల నిజం కొంత వుంది. ఛోటా భీమ్‌కు ఆపాటి ఓటమి కూడా లేదు. ముంబయి నజారా సంస్థ చేసిన ఫోన్ ఆటల్లోకి వచ్చేసరికి ఏకచక్రపురమే కాదు, ఢోలక్‌పూర్ కథ కూడా రాలిపోయి పరుగు మిగిలింది.

ఇదంతా చూస్తే నాకు పుంగనూరు ఆవు గుర్తొస్తుంది. కరువునేలలో కొద్దిపాటి మేతతో బతికి చిక్కటి పాలిచ్చే రైతు ఆవు అది. 2024 సంక్రాంతికి ప్రధాని నివాసంలో తీసిన ఫోటోలు వచ్చాక, దాని పొట్టితనం తప్ప పాలూ మేతా ఎవరికీ పట్టలేదు.

పిల్లల కోసం రాసే మిత్రులు ‘మన దగ్గర ఏముంది’ అని అడుగుతుంటారు. బకాసురుడి బండి వుంది. ఈరోజు వంతు ఏ ఇంటిది, బండిలో ఏమున్నది, రాక్షసుడు చేరేలోగా ఎంత తినాలి? ఆటకు ఇంతకంటే ఏం కావాలి? ఈ కథ చెప్పి ఎనిమిదో తరగతి వాళ్ళను బొమ్మ గీయమన్నాను. ఒక పిల్ల బండినిండా రాగిసంకటి ముద్దలు పేర్చి, పక్కన కుండలో పులుసు పెట్టింది. ద్రౌపదిని కూడా బండి ఎక్కించి భీముడి పక్కన కూర్చోబెట్టింది. అప్పటికింకా ఆమె స్వయంవరమే జరగలేదని నేను చెప్పలేదు.