పేరు తిట్టుగా మారిన విధం

రాజకీయాలలో పుట్టిన మాటలకు ఆయుర్దాయం తక్కువ అని ఒక అభిప్రాయం ఉన్నది. ఇది సరియైనది కాదు. అర్థం పోగొట్టుకొన్న తరువాత కూడ అవి చిరకాలం జీవిస్తాయి. ఒక్కొక్కప్పుడు అర్థం పోయిన తరువాతనే వాటికి యౌవనం వస్తుంది. ఒక సంస్థనో, ఒక సిద్ధాంతాన్నో, ఒక పనినో గుర్తించడానికి పెట్టిన పేరు కొంతకాలానికి ఎదుటివాని నోరు మూయించడానికి మాత్రమే పనికివచ్చే స్థితికి చేరుతుంది. అప్పుడు ఆ మాట విన్నవాడు దాని అర్థమేమని అడుగడు. ఎవరు, ఎవరిని, ఎప్పుడు అన్నారని అడుగుతాడు. ఇందుకు 'ఫాసిస్టు', 'ప్రతిగామి' వంటి మాటలను ఉదాహరించడం సులభం. అయితే అవి పశ్చిమం నుండి మనకు వచ్చినవి. ఈ ఉపఖండంలోనే పెరిగి, రెండు రక్తపాతాలకు సాక్షియై, రెండు భాషలలో తిట్టుగా స్థిరపడిన మాట ఒకటి ఉన్నది. అది 'రజాకారు'. తెలుగువారికి దాని పరిచయం వేరే చెప్పనక్కరలేదు. కాని మన పరిచయం సగం కథకే పరిమితమైనది.

'రజా' అనగా సమ్మతి, ఇష్టం. ఇది అరబ్బీనుండి వచ్చినది. 'కార్' అనగా చేసేవాడు, ఇది పారసీకం. ఒకరి బలవంతం లేక, జీతం ఆశింపక, తన ఇష్టంతో ఒక పనికి పూనుకొనేవాడు రజాకారు. మన 'స్వయంసేవకుడు', ఇంగ్లీషునుండి తెచ్చుకొన్న 'వాలంటీరు' ఇదే అర్థాన్ని ఇస్తాయి. అర్థం ఒకటే గాని చరిత్రలు వేరు. ఉర్దూలో ఈనాటికీ రక్తదానం 'రజాకారానా' చేస్తారు. వరదలో చిక్కినవారికి రొట్టెలు పంచే యువకులు ఉర్దూ పత్రికలలో రజాకార్లే. లాహోరులో గౌరవవాచకమైన మాట ఢాకాలో చెంపదెబ్బతో సమానం. సేవను తెలిపే మాటలకు ఈ గండం కొంత ఎక్కువగానే ఉన్నట్లు తోస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఏర్పడిన గ్రామ వాలంటీర్ల వ్యవస్థ 2024 ఎన్నికలనాటికి ఎంత వాదోపవాదాలకు గురియైనదో చూచినవారు ఈ మాట కాదనరు.

హైదరాబాదు సంస్థానంలో ఈ పదానికి ఒకప్పుడు అతి కచ్చితమైన అర్థం ఉండేది. 1947 ఆగస్టులో బ్రిటిష్ పాలన తొలగినా నిజాం భారతదేశంలో చేరలేదు. నవంబరు 29న యథాతథపు ఒడంబడిక మాత్రం జరిగింది. లాతూరులో న్యాయవాదిగా ఉండిన కాసిం రజ్వీ మజ్లిస్ నాయకత్వానికి వచ్చిన పిదప, ఆ సంస్థ దళం రజాకార్లన్న పేరుతో పల్లెలపై పడింది. ఆ పేరు విన్న తెలంగాణ గ్రామస్థుడికి ఖాకీ దుస్తులు, తుపాకి, తగులబడే గడ్డివామి కండ్లకు కట్టేవి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి బురుజుమీద నిలిచి పోరాడినవారికి తమపైకి వస్తున్నవారు ఎవరో స్పష్టంగా తెలుసు. అంతకు కొద్దిరోజుల ముందే, భారతదేశంలో విలీనం కావలెనని వ్రాసినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ నడివీధిలో హత్యకు గురియైనాడు. చంపినవారు రజాకార్లు, చచ్చినవాడు ముస్లిము. ఆ పదానికి హద్దులు ఉండేవనడానికి ఇంతకంటె తిరుగులేని సాక్ష్యం ఏమి కావలెను? అది ఒక మతం పేరు కాదు. ఒక దళం పేరు, ఆ దళం చేసిన పనుల పేరు.

ఆ హద్దులు చెరిగిపోవడానికి ఎంతోకాలం పట్టలేదు. మే నెలలో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీపై నిషేధం తొలగించగానే, రజాకార్లతో అంతవరకు ప్రాణాలొడ్డి పోరాడినవారినే రజాకార్ల మిత్రులన్నారు. సెప్టెంబరు 13న భారతసేన ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయినాడు. తరువాతి వారాలలో జరిగిన ప్రతీకారం రజాకారుకు, సామాన్య ముస్లిముకు భేదం పాటించలేదు. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం చనిపోయినవారి సంఖ్యను 27,000 నుండి 40,000 వరకు అంచనా వేసింది. ఆ బృందంలో ఖాజీ అబ్దుల్ గఫార్ ఒకరు. 'లైలా కే ఖుతూత్' వ్రాసిన రచయిత, హైదరాబాదులో 'పయామ్' పత్రికను నడిపిన సంపాదకుడు. ఉర్దూ వచనంలో ఒక్కొక్క మాటను తూచి వాడిన ఆ చేయి, ఒక మాట హద్దు మీరితే ఏమవుతుందో అధికారిక నివేదికలో వ్రాయవలసి రావడం సాహిత్య చరిత్రకారులు గమనింపదగిన విషయం. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు.

ఇక్కడ మరొక వైపరీత్యం ఉన్నది. కాసిం రజ్వీకి న్యాయస్థానం దొరికింది, విచారణ దొరికింది, శిక్షకు ఒక గడువు దొరికింది. 1957లో విడుదలయి పాకిస్తాన్ వెళ్లి, 1970లో అక్కడ మరణించినాడు. బీదరు, ఉస్మానాబాదు, నాందేడు పల్లెలలోని దర్జీకి, దూదేకులవానికి వీటిలో ఒక్కటీ దొరకలేదు. తిట్టు విచారణ చేయదు. విచారణ చేయనవసరం లేకపోవడమే దాని సౌకర్యం.

నేడు తెలంగాణలో ఎన్నికల సభలలో ప్రత్యర్థిని రజాకారనడం, రజాకార్ల వారసుడనడం పరిపాటి అయింది. సెప్టెంబరు 17ను ఏమని పిలువవలెనన్న విషయంలోనే ఏకాభిప్రాయం లేదు: ఒకరికి విమోచన, ఒకరికి విలీనం, ఒకరికి సమైక్యత. 2024లో ఆ రోజుకు రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమని మరొక పేరు పెట్టింది. అదే సంవత్సరం మార్చిలో 'రజాకార్' పేరుతో తెలుగు చలనచిత్రం వచ్చింది. అప్పటికి నాలుగు నెలలు తిరగకముందే ఈ మాట మరొక దేశంలో, మరొక భాషలో వీధులను నింపుతుందని మనవారు ఊహించి ఉండరు.

బంగ్లాదేశ్ కథ 1971లో మొదలవుతుంది. తూర్పు పాకిస్తాన్‌లో విముక్తి పోరాటాన్ని అణచడానికి సైన్యానికి స్థానిక సహాయం కావలసివచ్చినది. మే నెలలో ఖుల్నాలో మొదటి దళం ఏర్పడింది. తరువాత టిక్కాఖాన్ శాసనంతో అది ప్రభుత్వ బలగమయింది. అంతకుముందున్న 'అన్సార్' సంస్థను తొలగించి దాని స్థానంలో దీనిని నిలిపినారు. అన్సార్ అనగా మదీనాలో ప్రవక్తకు ఆశ్రయమిచ్చిన సహాయకులు. దీనికి తోడు వెలసిన అల్-బద్ర్ పేరు ఇస్లాము తొలి విజయాన్ని తలపించేది, అల్-షమ్స్ అనగా సూర్యుడు. పవిత్ర పదాలకు ఆ తొమ్మిది నెలలలో పట్టిన గతి ఇది. వీటిలో సామాన్యమైన 'రజాకారు' ఒక్కటే మిగిలినవాటిని మింగి, శత్రువుతో చేయి కలిపిన ప్రతివానికి పేరయింది. దారి చూపినవాడు, ఇల్లు చూపినవాడు, పొరుగువారి కుమారుణ్ణి పట్టి యిచ్చినవాడు, అందరూ రజాకార్లే. ఇది అర్థవ్యాప్తియే గాని అర్థనాశం కాదు. జనం అనుభవించినదానిని జనమే ఒక్క మాటలో మూటకట్టుకొన్నారు.

అర్థనాశానికి మొదటి మెట్టు తిట్టడం కాదు, తిట్టనీయకపోవడం. 1975 తరువాతి సైనిక ప్రభుత్వాల కాలంలో ఈ మాట ప్రభుత్వ ప్రచార సాధనాలలో వినిపించకుండ పోయింది. ఆనాటి దళాలతో సంబంధమున్నవారు కొందరు అధికార పదవులు కూడ అలంకరించినారు. ఆ స్థితిలో 1988లో హుమాయూన్ అహ్మద్ ప్రభుత్వ టెలివిజన్‌కు ఒక ధారావాహిక నాటకం వ్రాసినాడు. మనుష్యుని నోట పలికించరాని మాటను చిలుకకు నేర్పినాడు. ఇంటిల్లిపాదీ వినోదం కోసం చూచే నాటకంలో చిలుక 'నువ్వు రజాకారువి' అన్నది, దేశమంతా విన్నది. రచయిత తండ్రి పోలీసు అధికారి. 1971లో పాకిస్తాన్ సైన్యం ఆయనను చంపింది. ఇది తెలిసినవారికి ఆ చిలుక పలుకు హాస్యంగా తోచదు. నాటకం పేరు 'బహువ్రీహి'. మన వ్యాకరణం చదువుకొన్నవారు ఇక్కడ చిరునవ్వు నవ్వుకొనవచ్చును: బహువ్రీహి సమాసంలో అర్థం సమాసంలోని పదాలలో ఉండదు, వెలుపల ఉన్న మరొకరిని చూపుతుంది. చిలుకకు అర్థం తెలియదు. చూపవలసినవాణ్ణి మాత్రం చూపింది.

కుమారుణ్ణి పోగొట్టుకొన్న జహానారా ఇమామ్ 1971 దినచర్యను గ్రంథంగా ప్రకటించి, 1992లో ఢాకాలో ప్రజా న్యాయస్థానం నడిపింది. అందుకు ప్రతిఫలంగా రాజద్రోహ నేరం మోపబడింది. 2013లో షాహ్‌బాగ్ కూడలిలో చేరిన యువతరం ఆ చిలుక పలుకునే నినాదంగా చేసికొన్నది. అంతవరకు ఈ పదం బలవంతులకు ఎదురుగా బలహీనులు పలికిన మాట. దానిలో న్యాయం అడిగే స్వరం ఉన్నది.

ఆ తరువాతనే దాని చేతులు మారినవి. అధికారంలో ఉన్నవారు తమను విమర్శించినవారిపై దానిని ప్రయోగింపసాగినారు. 1971 తరువాత పాతిక ముప్పది సంవత్సరాలకు పుట్టినవారు కూడ రజాకార్లైనారు. 2019 డిసెంబరు 15న మంత్రిత్వశాఖ 10,789 మంది రజాకార్ల జాబితాను ప్రకటించింది. చూడగా అందులో ప్రభుత్వమే గుర్తించిన విముక్తి యోధుల పేర్లున్నవి. యుద్ధనేరాల విచారణలో ప్రధాన అభియోక్తగా ఉన్న న్యాయవాది పేరు కూడ ఉన్నది. మూడు దినాలకే జాబితాను ఉపసంహరించవలసి వచ్చినది. ఒక మాటకు అర్థం పోయినదనడానికి నిఘంటువులు వెదకవలసిన పని లేదు; ఈ జాబితా చాలును. నిరపరాధులకు అవమానం జరిగినదన్నది దీనిలోని ఒక నష్టం మాత్రమే. అందరికీ అంటే మసిలో అసలు అపరాధి ముఖం కనిపించకపోవడం అంతకంటె పెద్ద నష్టం. ఖుల్నాలో, జెస్సోరులో నిజంగా చేయి నెత్తురైనవాడు ఆ గుంపులో హాయిగా కలిసిపోగలడు.

ఇటువంటి మాటను ఏమి చేయవలె? సాహిత్యంలో దీనికి ఒక సమాధానం 1951 నాటికే ఉన్నది. సాదత్ హసన్ మంటో కథ 'యజీద్' గూర్చి చెప్పుతున్నాను. విభజన తరువాత పాకిస్తాన్ పంజాబులో ఒక పల్లె. భారతదేశం నదీజలాలను ఆపివేస్తుందని వదంతి. (1948 ఏప్రిల్‌లో కాలువలు నిజంగానే కొన్ని వారాలు ఆగినవి.) రచ్చబండ దగ్గర చేరినవారు శత్రువును నోరారా తిట్టుతారు. కరీందాద్ వారిని వారిస్తాడు. చేతిలో మరే జవాబూ లేనివాడే తిట్టుకు దిగుతాడని అతని వాదన. అల్లర్లలో తండ్రిని పోగొట్టుకొన్నవాడు కనుక అతని మాటను పిరికితనమని కొట్టివేయడానికి వీలులేదు. తరువాత అతనికి కొడుకు పుట్టుతాడు. బిడ్డకు యజీద్ అని పేరు పెట్టుతాడు. భార్య జీనా హడలిపోతుంది. కర్బలాలో హుసేన్ పరివారానికి నీరు దక్కనీయనివాని పేరు అది. పీర్ల పండుగనాడు ఆ దుఃఖగాథ విన్న మన పల్లెవారికి ఆమె భయం ఎంతటిదో వివరించనక్కరలేదు. కరీందాద్ శాంతంగా ఆమెకు చెప్పే జవాబు ఏమంటే, ఇది పేరు మాత్రమే. ఆ యజీద్ నీటిని మూసినాడు, వీడు తెరుస్తాడు.

ఈ కథ వ్రాసిననాటికి మంటో స్వయంగా బిరుదుల బాధితుడు. ఒకప్పుడు అభ్యుదయవాది అన్నవారే 'సియాహ్ హాషియే' వెలువడిన తరువాత అతణ్ణి ప్రతిగామి అన్నారు. ఆ కష్టాన్ని 'యజీద్' సంపుటి పీఠికలోనే చెప్పుకొన్నాడు. 1936 లక్నో సభలో ప్రేమ్‌చంద్ అధ్యక్షుడుగా, రచయిత స్వభావం చేతనే అభ్యుదయగామి గనుక ఆ విశేషణమే అనవసరమని సంశయించినాడు. ఆయన సంశయాన్ని సభ మన్నించి ఉంటే, పదమూడు సంవత్సరాల తరువాత ఎవరు అభ్యుదయవాదులు, ఎవరు కారు అన్న తగవు తప్పి ఉండేదేమో.

2024 జూలై 14న బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఉద్యోగాల కోటాను గూర్చి మాట్లాడుతూ, విముక్తి యోధుల మనుమలకు గాక రజాకార్ల మనుమలకు ఇవ్వవలెనా అని ప్రశ్నించినది. అప్పటికి వివాదంలో ఉన్నది యోధుల సంతతికి నిర్ణయించిన నూటికి 30 భాగాలు. ఆ రాత్రి ఢాకా విశ్వవిద్యాలయ విద్యార్థులు, విద్యార్థినులు వసతిగృహాలనుండి బయటికి వచ్చి, నీవెవరు, నేనెవరు, రజాకారు, రజాకారు అని ఎలుగెత్తినారు. తరువాతి పాదంలో ఆ మాట అన్నవారిని నియంత అన్నారు. 53 సంవత్సరాలుగా ఏ బెంగాలీ తనకు తాను చెప్పుకొనని మాట అది. కరీందాద్ పద్ధతి ఇదేనా? చాలవరకు ఇదే. తిట్టును తామే ధరించి దాని వాడిని పోగొట్టినారు. నాకు మాత్రం ఒక సంకోచం ఉన్నది. యజీద్ పదమూడు శతాబ్దాల వెనుకటివాడు. రజాకార్ల చేతిలో భర్తలను కోల్పోయిన స్త్రీలు ఆ రాత్రి ఢాకాలో జీవించే ఉన్నారు. కిటికీలోనుండి ఆ నినాదం వినిపించినప్పుడు వారు రెండవ పాదం దాక విన్నారో లేదో. ఆ బాధను విద్యార్థులమీద మోపడం అన్యాయం. ఆ మాటను అంత చవుక చేసినవారిమీదనే మోపవలె.

ఆగస్టు 5న ప్రభుత్వం కూలింది. 'రజాకారు' వాడుక తగ్గింది. పడిపోయిన పక్షంతో సంబంధమున్నవారిని, ఉన్నదని అనుమానింపబడినవారిని సూచించడానికి 'ఫాసిస్టుకు దోసర్' అన్న మాట పుట్టినది. దోసర్ అనగా బెంగాలీలో తోడు, సహచరుడు. మొదట మంత్రులను, అధికారులను అన్నారు. త్వరలోనే పత్రికా సంపాదకులను, నటులను, అధ్యాపకులను అనసాగినారు.